తెర వెలిగించే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ బడికి స్మార్ట్‌బోర్డులూ ట్యాబ్‌లూ వచ్చాయనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ రాశావు. ఏ యాప్ వాడాలన్నది తర్వాత చూద్దాం. ముందు పాఠం తీసి, అందులో పిల్లలు స్వయంగా బుర్ర పెట్టి తీరాల్సిన చోటేదో గుర్తించు. ఆ పని మాత్రం మిషన్‌కి అప్పగించకు. మిగతాచోట్ల ఎంత వాడుకున్నా నాకు అభ్యంతరం లేదు.

కరెంటు పాఠమే తీసుకో. బల్బు కొంత కరెంటు తినేస్తుందనీ, దాని తర్వాత వైరులో తక్కువే మిగులుతుందనీ చాలామంది పిల్లలు గట్టిగా నమ్ముతారు. బోర్డు మీద ఎన్నిసార్లు కాదని చెప్పినా ఆ నమ్మకం కదలదు. నోబెల్ గ్రహీత కార్ల్ వైమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే తెర మీదే చేసి చూసే ప్రయోగాలు, ఇక్కడ బాగా పనికొస్తాయి. ఉచితం కూడా. కానీ తెరవగానే నడిపి చూపించేయకు. ఒకేలాంటి బల్బులు రెండు వరుసగా కలిపితే రెండోది తక్కువ వెలుగుతుందా అని అడుగు. జవాబూ, దానికి కారణమూ నోట్సులో రాయించు. అప్పుడు నడుపు. రెండూ సమానంగా వెలుగుతాయి. బల్బుకు ముందూ తర్వాతా ఎలక్ట్రాన్లు ఒకే వేగంతో కదులుతుంటాయి. రాయించకుండా చూపిస్తే, "నాకు ముందే తెలుసు టీచర్" అనేస్తారు. రాసినవాళ్లు మాత్రం తమ వాక్యాన్నీ తెరనూ మార్చి మార్చి చూసుకుని "మరి ఎందుకలా?" అంటారు. నువ్వు పాఠం మొదలుపెట్టాల్సింది అప్పుడు.

ఆ తర్వాత అసలు బ్యాటరీ, వైర్లు కూడా చేతికివ్వు. తెర మీది వైరు దానంతటది వదులైపోదు. చేతిలోది అవుతుంది. లోపం ఎక్కడుందో వెతకడం కూడా నేర్వాల్సిన విద్యే.

చేతులెత్తమంటే ఎప్పుడూ ఆ నలుగురే ఎత్తుతారు. ఇచ్చిన జవాబుల్లో ఒకదానికి ట్యాబ్‌లో ఓటు వేయిస్తే మూల కూర్చున్న పిల్ల ఏమనుకుంటోందో కూడా తెలుస్తుంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ మజూర్ అనే ప్రొఫెసర్ ఫిజిక్స్ క్లాసుల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇదే: ఓటు వేయించి, జవాబు చెప్పకుండా పక్కవాళ్లతో వాదించుకోమని, మళ్లీ ఓటు వేయించడం. నెట్ లేని రోజు కాగితం ముక్కల మీద అక్షరాలు రాసి ఎత్తించినా సరిపోతుంది.

స్లైడ్ల గురించి పెద్దగా చెప్పను. చదివి వినిపించడానికే అయితే వద్దు.

నిన్ను ఎక్కువ కలవరపెడుతున్నది ఏఐ అని నీ ఉత్తరంలోనే తెలుస్తోంది. 2022 నవంబరు చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక, ఇంటికిచ్చిన వ్యాసం ఎవరు రాశారో చెప్పడం కష్టమైంది. ఏఐ రాసిందో కాదో పట్టిస్తామనే డిటెక్టర్లను నమ్మి ఏ పిల్లవాడినీ దొంగను చేయకు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ తన డిటెక్టర్‌ను కచ్చితత్వం తక్కువని 2023 జూలైలో ఉపసంహరించుకుంది. చేయని తప్పుకు నింద పడ్డ పిల్లవాడు నీ క్లాసులో మళ్లీ నోరు విప్పడు. దానికి బదులు మొదటి చిత్తుప్రతి క్లాసులోనే చేత్తో రాయించు. పూర్తయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని, "ఈ మాట ఎందుకు రాశావు? ఇది తీసేస్తే ఏమవుతుంది?" అని అడుగు. రాసినవాళ్లు తడుముకుంటూనైనా చెబుతారు.

ఒక్కోసారి నువ్వే చాట్‌బాట్ జవాబు ప్రింటు తీసి తీసుకెళ్లు. పాఠ్యపుస్తకం పక్కన పెట్టుకుని తప్పులు పట్టమను. అది లేనిదాన్ని కూడా ఉన్నట్టే ధీమాగా చెబుతుందని పిల్లలు తామే కనిపెట్టాలి.

ఇంకో రెండు విషయాలు. ఇంట్లో ఫోను లేని పిల్లలుంటారు, అది ఉంటేనే చేయగల హోంవర్క్ ఇవ్వకు. పిల్లల పేర్లూ మార్కులూ ఏ ఏఐ యాప్‌లోనూ టైపు చేయకు.

అన్నీ ఒకేసారి నెత్తిన వేసుకోకు. ముందు ఒక్క పాఠం ఎంచుకో. నడిపే ముందు పిల్లలు ఏం రాశారో, చూశాక ఏం అడిగారో నాకు రాయి. వాళ్ల మాటల్లోనే రాయి, సరిదిద్దకు.

ఇట్లు,
మీ టీచర్