ముందు డబ్బు, తర్వాత ప్రకృతి అనుకోవచ్చా? కొల్లేరు సంగతి చెబుతాను

“దేశం ముందు నాలుగు డబ్బులు సంపాదించుకుంటే, పర్యావరణాన్ని తర్వాత బాగు చేసుకోలేదా?” అని ఒకరు నన్ను అడిగారు. మాది కొల్లేరు పక్కన కైకలూరు వైపు. మా దగ్గర డబ్బు వచ్చింది, ఆ ‘తర్వాత’ మాత్రం రాలేదు.

కొల్లేరు సరస్సు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదను ఆపుకుని ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పంపుతుంది. కొర్రమీను, మార్పు, జెల్ల, ఇంగిలాయి, మట్టగిడస అన్నీ అందులో వాటంతట అవే పెరిగేవి. 1970లలో మత్స్యకారుల సొసైటీలకు చెరువులు తవ్వించింది ప్రభుత్వమే. ఉద్దేశం మంచిదే. కానీ పోనుపోను చాలా చెరువులు లీజుల పేరుతో పెట్టుబడిదారుల చేతికి పోయాయి. తన పేరున ఉన్న చెరువుకే కూలికి కాపలా కాసేవాళ్లు మా చుట్టుపక్కల ఉన్నారు.

చెరువులో కావలసింది శీలావతి, బొచ్చె. వాటి చేపపిల్లల్ని తినేసే కొర్రమీనును ముందే ఏరేస్తారు. గట్లు వరద దారికి అడ్డం పడ్డాయి. మేతలు, ఎరువులు కలిసిన నీళ్లు మళ్లీ కొల్లేట్లోకే వదులుతారు, గుర్రపుడెక్కకు అంతకన్నా ఏం కావాలి? కొల్లేటి ఒడ్డున ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు బోలెడున్నాయిగా అంటారు. నిజమే, అటవీశాఖ పెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకుని బతికేస్తున్నాయి. ఇంగిలాయికి స్టాండు ఎవరు వేస్తారు?

ఐసు వేసిన చేపల లారీలు ఇక్కణ్నుంచి కోల్‌కతా దాకా పోతాయి. నా కాలేజీ ఫీజులూ ఆ డబ్బులోంచే కట్టారు, కాబట్టి చెరువులన్నీ పాపమని నేననను.

చిక్కల్లా, ఆదాయంతోపాటు పలుకుబడీ పెరగడం. 1999లో 5వ కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అయింది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో గట్లు కొట్టేశారు. రెండేళ్లకే, 2008లో, అభయారణ్యాన్ని 3వ కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. కేంద్రం వేసిన నిపుణుల కమిటీ (అజీజ్ కమిటీ) కుదించొద్దంది. గట్లు మాత్రం చాలాచోట్ల మళ్లీ లేచాయి. డబ్బొచ్చాక జనం బాగు చేయమని అడుగుతారనుకుంటాం. ఇక్కడ హద్దు జరపమని అడిగారు.

నన్నడిగితే చెరువు నీళ్లు శుద్ధి చేశాకే వదలాలి, ఆ ఖర్చు లీజుదారుడిదే కావాలి. ఇక 5వ కాంటూరు లోపల జిరాయితీ (సొంత పట్టా) భూమి ఉన్న చిన్న రైతుకు పరిహారం తేల్చకుండా ఖాళీ చేయమంటే, అతను కూడా పెద్ద చెరువులవాళ్ల వెనకే నిలబడతాడు. ఇప్పుడు జరుగుతున్నదీ అదే.