డ్యూటీ దిగి ఇంకా పడుకోని నీకు

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో ఆసుపత్రిలో నీ నిద్రలేని డ్యూటీల గురించి అడిగితే "అలవాటైపోయింది పెద్దమ్మా" అన్నావు. ఆ మాటకే నాకు భయం వేసింది. నేనూ జూనియర్ డాక్టర్‌గా ఉన్నప్పుడు అచ్చం అలాగే అనేదాన్ని. ఒళ్లు నిద్రలేమికి అలవాటు పడదమ్మా. నిద్ర చాలనప్పుడు, చాలలేదని గుర్తించే తెలివి కూడా తగ్గిపోతుంది. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి పనితీరులా ఉంటుందని 1997లోనే పరీక్షించి చూపించారు. నువ్వు వరసగా 30 గంటలు డ్యూటీలో ఉంటున్నావు.

అందుకే తెల్లవారుజామున 3 నుంచి 5 దాకా నిన్ను నువ్వు నమ్ముకోకు. ఇన్సులిన్, పొటాషియం, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్, పసిపిల్లల మందులు ఏవి రాసినా డోసు సిస్టర్‌కి పైకి చదివి వినిపించు. ఒక రాత్రి నేను డోసులో దశాంశ చుక్క ఒక స్థానం పక్కన పెట్టాను. "మేడమ్, ఇది పదింతలు అవుతుంది కదా" అని సిస్టర్ ఆపింది. ఆ పాప కేస్‌షీట్ ఇప్పటికీ కళ్లముందే ఉంది.

20 నిమిషాలు ఖాళీ దొరికితే కునుకు తీయి, మొహమాటపడకు. లేచిన వెంటనే బుర్ర మందంగా ఉంటుంది, కాసేపు ఆగి పనిలో చెయ్యి పెట్టు.

డ్యూటీ అప్పగించేటప్పుడు "అందరూ స్టేబుల్" అని వెళ్లిపోకు. ఎవరి పరిస్థితి దిగజారవచ్చు, ఏ రిపోర్టు రావాలి, తేడాగా వస్తే ఏం చేయాలి అన్నది చెప్పి, అవతలివాళ్లతో తిరిగి చెప్పించుకో. ఆ తర్వాత బండి మాత్రం తీయకు. పొడవైన డ్యూటీ దిగి ఇంటికెళ్లే ఇంటర్న్‌లకు రోడ్డు ప్రమాదం ముప్పు రెట్టింపు కన్నా ఎక్కువని అమెరికాలో తేలింది.

"మేమూ ఇలాగే చేశాం" అని మా తరంవాళ్లు అంటే తలవంచకు. మేం చేసింది తప్పు. న్యూయార్క్‌లో 1984లో లిబ్బీ జియాన్ అనే 18 ఏళ్ల అమ్మాయి ఆసుపత్రిలో చేరిన కొన్ని గంటలకే చనిపోయింది. ఆమెను చూసింది పొడవైన డ్యూటీలో ఉన్న రెసిడెంట్లు, అంటే శిక్షణలో ఉన్న డాక్టర్లు కావడంతో, వాళ్ల పనిగంటల మీద అక్కడ పెద్ద చర్చ మొదలైంది. దేశమంతటికీ వారానికి సగటున 80 గంటల పరిమితి వచ్చేసరికి 2003 అయింది. 80 కూడా ఎక్కువే అంటాను నేను.

రోస్టర్‌లో ఉన్న గంటలు కాదు, నువ్వు నిజంగా చేసిన గంటలు రోజూ రాసిపెట్టు. తోటివాళ్లనూ రాయమను. ఒక్కదానివే అడిగితే బద్ధకం అంటారు, పదిమంది లెక్కలు పట్టుకెళ్తే వినక తప్పదు. ఈ నెల లెక్క పూర్తికాగానే నాకు పంపు, మీ హెడ్‌కి ఇచ్చే లెటర్ ఇద్దరం కూర్చుని రాద్దాం.

మీ పెద్దమ్మ