పాత కారు: అంబాసిడరా, పద్మినియా, మారుతి 800నా?

హనుమకొండలో ఆదివారాలు నడుపుకోవడానికి ఈ మూడు పాత కార్లలో ఏది కొనాలని అడిగారు, పాత వీడియో గేములూ ఇష్టమన్నారు. నా ఓటు అంబాసిడర్‌కే, అదీ జపాన్ కంపెనీ ఇసుజు 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ ఉన్నదానికి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే బ్రిటిష్ కారు నుంచి పుట్టిన ఈ కారు, ఆకారం పెద్దగా మారకుండానే 2014 దాకా తయారైంది. అందుకే విడిభాగాలకు మరీ కటకట ఉండదు. ఏళ్ల తరబడి ట్యాక్సీలు బాగుచేసిన మెకానిక్‌లకు దాని లోపలి పనంతా కంఠతా వచ్చు. ఇసుజు ఇంజిన్‌తో ఐదు గేర్లు వస్తాయి, హైదరాబాద్ రోడ్డెక్కితే ఆ తేడా తెలుస్తుంది. పాత 1489 సీసీ ఇంజిన్ శబ్దమంటే నాకు ప్రాణం, కానీ దానికి నాలుగే గేర్లు. కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే పాతకాలపు భాగం) ఉన్న బండి ఏదైనా సరే, మన మే నెల ఎండలో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే పైపులోనే పెట్రోల్ ఆవిరై ఆగిపోవచ్చు. చల్లబడేదాకా టెన్షన్ పడకుండా ఆగాలి.

పద్మిని అంబాసిడర్ కన్నా అందంగా ఉంటుంది, కానీ విడిభాగాల కోసం తిరగాలి. మారుతి 800 చవక, నమ్మకమైనది. నాకు మాత్రం మనసు లాగదు.

పాత వీడియో గేములూ ఇష్టమన్నారు కదా, పాత కార్లకూ వాటికీ ఉన్న ఆకర్షణ ఒకటే అంటాను. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ గేమ్ మొత్తం 40 కిలోబైట్లు. చోటు మిగల్చడానికి మేఘానికీ పొదకీ ఒకే బొమ్మ వాడి, రంగు మార్చారు. తక్కువ సరంజామాతో అంత పని చేసిన తెలివి చూస్తే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కొనేముందు ఫ్లోర్ కింద, డోర్ల అడుగున తుప్పు చూడండి. పదిహేనేళ్లు దాటిన బండైతే ఆర్‌సీ రెన్యువల్ అయిందో లేదో అడగండి.