కోడ్ బయటపెట్టకుండా ఒక్క కమాండ్‌తో ఇన్‌స్టాల్

ప్రశ్న: సార్, రాయగడలో మేం ముగ్గురం కలిసి బట్టల కొట్లకీ రైస్ మిల్లులకీ పైథాన్‌లో బిల్లింగ్ ప్రోగ్రాములు రాస్తున్నాం. బిల్లు మొత్తాన్ని ఒడియాలోనూ తెలుగులోనూ అక్షరాల్లో వేసే మాడ్యూల్, జీఎస్టీ లెక్కకట్టే మాడ్యూల్ మా సొంతం, వాటిని బయటపెట్టే ఉద్దేశం లేదు. ఇప్పుడు పెన్ డ్రైవ్‌లో ఫోల్డర్ పట్టుకెళ్లి గుణుపురం, పర్లాకిమిడి కొట్లలో కాపీ చేస్తున్నాం. ప్రతిచోటా ఏదో ఒక లైబ్రరీ లేదని ఎర్రర్, ఓనర్ పక్కనే నిలబడి చూస్తుంటే ఒకటే టెన్షన్. మా మాడ్యూళ్లు కూడా కావలసినవన్నీ వెంటబెట్టుకుని ఒక్క కమాండ్‌తో రావాలంటే ఎలా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: ముందు ఆ ఫోల్డర్ కాపీ మానేయండి. తనకి ఏమేం కావాలో ఫోల్డర్ చెప్పలేదు, మీ గొడవంతా అక్కడే. ప్రతి మాడ్యూల్‌తో పాటు పైప్రాజెక్ట్ డాట్ టామ్ల్ అనే చిన్న ఫైల్ పెట్టి పేరు, వెర్షన్, కావలసిన లైబ్రరీలు అందులో రాయండి. పీడీఎఫ్ బిల్లుకి రిపోర్ట్‌ల్యాబ్ వాడుతున్నారనుకుందాం, ఆ ఒక్క పేరు రాస్తే దానికి కావలసిన పిల్లో అనే బొమ్మల లైబ్రరీని పిప్ (పైథాన్ లైబ్రరీల్ని ఇన్‌స్టాల్ చేసే కమాండ్) తనే వెతికి తెచ్చుకుంటుంది.

మీ ముగ్గురి మధ్య ప్రైవేట్ గిట్ రిపాజిటరీ (కోడ్‌నీ దాని మార్పుల్నీ దాచే చోటు) చాలు. వెర్షన్‌కో ట్యాగ్, అంటే గుర్తు, వేస్తే పిప్ నేరుగా ఆ ట్యాగ్ నుంచే ఇన్‌స్టాల్ చేస్తుంది. కొట్లకి మాత్రం ఇది వద్దు, ఆ రిపాజిటరీని తెరిచే మీ కీ తీసుకెళ్లి వాళ్ల కంప్యూటర్లో పెట్టడం ఏం తెలివి?

అక్కడికి వీల్ ఫైళ్లు (ఇన్‌స్టాల్‌కి సిద్ధంగా కట్టిన ప్యాకేజీలు) పట్టుకెళ్లండి. పిప్ వీల్ కమాండ్ మీ మాడ్యూళ్లనీ వాటికి కావలసిన లైబ్రరీలనీ ఒకే ఫోల్డర్‌లోకి చేరుస్తుంది, కొట్లో నో-ఇండెక్స్, ఫైండ్-లింక్స్ ఆప్షన్లతో (బయట వెతకొద్దు, ఈ ఫోల్డర్‌లోనే చూడు అని) ఇన్‌స్టాల్ చేస్తే నెట్ లేకపోయినా మొత్తం ఎక్కుతుంది. పెన్ డ్రైవ్ తప్పదు కానీ ఎర్రర్ తప్పుతుంది. అయితే పిల్లో లాంటివి వట్టి పైథాన్ కావు, లినక్స్ ల్యాప్‌టాప్‌లో చేర్చిన వీల్ విండోస్‌లో ఎక్కదు, పైథాన్ వెర్షన్ కూడా కలవాలి. పాత కొట్లలో ఇంకా విండోస్ 7 ఉంటే పైథాన్ 3.8 దాటి పోదు, కాబట్టి అలాంటి మెషీన్‌కి వేరే ఫోల్డర్ తయారుచేసుకోండి.

కొట్లు పెరిగాక పైపీఐసర్వర్ అనే ప్రోగ్రాం పెట్టుకుని సొంత ఇండెక్స్ (పిప్ ప్యాకేజీలు వెతికే చోటు) నడుపుతామంటారు, మంచిదే, కానీ ఎక్స్‌ట్రా-ఇండెక్స్-యూఆర్ఎల్ ఆప్షన్ జోలికి పోకండి. దాన్ని వాడితే పిప్ మీ ఇండెక్స్‌నీ బయట అందరికీ తెరిచి ఉన్న పైపీఐ ఇండెక్స్‌నీ సమానంగా చూసి, ఎక్కడ పెద్ద వెర్షన్ ఉంటే అక్కడి నుంచి తెస్తుంది. మీ మాడ్యూల్ పేరుతోనే ఎవడో పెద్ద నంబరు వేసి బయట పెడితే అదే వచ్చి కూర్చుంటుంది. 2022 డిసెంబర్ 25, 30 తేదీల మధ్య పైటార్చ్ అనే ఏఐ లైబ్రరీ నైట్లీని (రోజూ వచ్చే ట్రయల్ వెర్షన్‌ని) లినక్స్‌లో పిప్‌తో ఎక్కించుకున్నవాళ్లకి జరిగింది ఇదే, టార్చ్‌ట్రైటన్ పేరుతో దొంగ ప్యాకేజీ దిగింది. అందుకే ఇండెక్స్-యూఆర్ఎల్‌లో మీ సర్వర్ ఒక్కటే ఉంచి, బయటి లైబ్రరీలు కూడా అందులోనే పెట్టుకోండి. పొరపాటున మీ కోడే పైపీఐకి ఎక్కకుండా పైప్రాజెక్ట్ డాట్ టామ్ల్‌లోని క్లాసిఫయర్లలో ‘ప్రైవేట్ :: డు నాట్ అప్‌లోడ్’ రాయండి (ఇంగ్లీషులోనే సుమా), అప్పుడు పైపీఐ తనే తిప్పికొడుతుంది.

ఇక ఓనర్ మీ కోడ్ చదవకూడదనుకుంటే ఇదేదీ పనికిరాదు. వీల్ అంటే జిప్ ఫైలే, తెరిస్తే అంతా కనిపిస్తుంది. లెక్కంతా మీ సర్వర్లో జరిగేలా పెట్టొచ్చు గానీ నెట్ పోయిన రోజు బిల్లు ఆగిపోతుంది, దానికంటే ఓనర్‌తో కాగితం మీద ఒప్పందం రాయించుకోవడమే నయం.