గురువు లేని విక్కా

ప్రకృతిని ఆరాధించే ఆధునిక మతమైన విక్కా సాధనను ఒంటరిగా మొదలుపెట్టిన పాఠకుల నుంచి ఈమధ్య వరుసగా ఉత్తరాలు అందుతున్నందువల్ల, ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని ఆ ప్రశ్నలకే కేటాయించాము.

ప్రశ్న: విక్కా గురించి నాలుగు నెలలుగా చదువుతున్నాను. నాకు తెలిసినవారిలో ఈ మార్గంలో ఉన్నవారెవరూ లేరు. ప్రతి పుస్తకంలోనూ ఒక సామగ్రి జాబితా కనిపిస్తోంది: కత్తి, దండం, పానపాత్ర, ధూపపాత్ర, రంగురంగుల కొవ్వొత్తులు. ఇవన్నీ సమకూరేవరకు ఆగాలా? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఆగనవసరం లేదు. ఈ రాత్రి బయటికి వెళ్ళి చంద్రుడు ఏ దశలో ఉన్నాడో చూసి, తేదీ వేసి ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. సాధన అక్కడే మొదలవుతుంది. విక్కాకు ప్రధానమైన ఆధారం వస్తువులు కాదు, కాలం. ఒక పౌర్ణమి నుంచి మరో పౌర్ణమికి సుమారు 29.5 రోజులు పడుతుంది కనుక ఏడాదికి పన్నెండో పదమూడో పౌర్ణములు వస్తాయి. ఆ రాత్రులలో జరిపే ఆరాధనను ఎస్బాట్ అంటారు. సూర్యగమనాన్ని అనుసరించి వచ్చే ఎనిమిది పండుగలను సబ్బాట్‌లు అంటారు. అక్టోబరు 31న వచ్చే సావిన్, డిసెంబరులో అతి దీర్ఘమైన రాత్రి నాటి యూల్, ఫిబ్రవరి మొదట్లో ఇంబోల్క్, మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే ఒస్టారా, మే 1న బెల్టేన్, జూన్‌లో అతి దీర్ఘమైన పగటినాడు లిథా, ఆగస్టు 1న లామాస్, సెప్టెంబరులో మళ్ళీ పగలూ రాత్రీ సమానమయ్యే మేబన్ అన్నవే ఆ ఎనిమిది. (సావిన్ పేరును ఆంగ్ల అక్షరాలలో చూసి ‘సామ్‌హైన్’ అని చదవనివారు చాలా తక్కువ, అందుకు సిగ్గుపడనక్కరలేదు.)

ఈ ఎనిమిదింటినీ మొదటి ఏడాదిలోనే ఘనంగా జరపాలన్న పట్టుదల పెట్టుకోకండి. ఆయా రోజులలో వెలుతురు ఎంతసేపుంది, చెట్లు ఏ స్థితిలో ఉన్నాయి, మీ మనస్సు ఎలా ఉంది అన్నది గమనించి రాసుకుంటూ పోతే, ఏడాది తిరిగేసరికి ఏ పుస్తకమూ ఇవ్వలేని ఒక పంచాంగం మీ చేతిరాతలోనే తయారవుతుంది. తమ ప్రధాన దైవాలైన దేవిని, దేవుణ్ణి విక్కన్లు (విక్కాను అనుసరించేవారు) ఎందుకు ఋతువులతోనూ చంద్రకళలతోనూ ముడిపెట్టి భావిస్తారో కూడా అప్పుడే అర్థమవుతుంది. వారిని నిజంగా ఉన్న దైవాలుగా నమ్మేవారూ ఉన్నారు, ప్రకృతికి ప్రతీకలుగా తీసుకునేవారూ ఉన్నారు. ఈ విషయంలో మీ అభిప్రాయాన్ని మొదటి నెలలోనే తేల్చుకోవలసిన తొందరేమీ లేదు.

ఇక సామగ్రి సంగతి. అథామే అనే కత్తిని సాధారణంగా దేనినీ కోయడానికి వాడరు, పూజావృత్తాన్ని ఏర్పరచేటప్పుడు దిశ చూపడానికి వాడతారు. ఆ పనికి మీ చూపుడువేలు చాలు. పానపాత్రకు బదులు ఇంట్లో ఉన్న గ్లాసు, పెంటకిల్‌కు బదులు అయిదు కోణాల నక్షత్రం గీసిన కాగితం సరిపోతాయి. ముందుగా నేర్చుకోవలసినది వృత్తాన్ని ఏర్పరచే క్రమం: నిశ్శబ్దంగా కూర్చుని శ్వాసను కుదుటపరచుకోవడం, సవ్యదిశలో తిరుగుతూ వృత్తాన్ని మనస్సులో నిలుపుకోవడం, తూర్పున గాలిని, దక్షిణాన నిప్పును, పడమర నీటిని, ఉత్తరాన మట్టిని తలచుకోవడం, మాట్లాడదలచినది మాట్లాడడం, చివరికి అందరికీ కృతజ్ఞత చెప్పి అపసవ్యదిశలో వృత్తాన్ని విప్పివేయడం. కొత్తవారు ఎక్కువగా మరచిపోయేది ఈ చివరి మెట్టునే. ముగింపు లేని పూజ, తలుపు వేయకుండా వదిలిన ఇల్లులా మనస్సును పీకుతూనే ఉంటుంది.

ప్రశ్న: ఒక పుస్తకం విక్కా రాతియుగం నాటి మతమంటుంది, మరొకటి అది 1950లలో పుట్టిందంటుంది. రెండోదే నిజమైతే నేను నమ్ముతున్నది కల్పనా?

జవాబు: రెండో మాటే నిజానికి దగ్గర. మలయాలో (నేటి మలేసియా ప్రాంతం) సుంకాల శాఖలో పనిచేసి 1936లో ఇంగ్లండుకు తిరిగి వెళ్ళిన జెరల్డ్ గార్డ్‌నర్, 1939లో న్యూ ఫారెస్ట్ ప్రాంతంలోని ఒక రహస్య బృందం తనకు దీక్ష ఇచ్చిందని చెప్పుకున్నాడు. బ్రిటన్‌లో 1735 నాటి మంత్రవిద్యా చట్టం 1951లో రద్దయిన తర్వాత, 1954లో ఆయన ఈ మార్గాన్ని బహిరంగంగా వివరిస్తూ పుస్తకం ప్రచురించాడు. క్రైస్తవానికి పూర్వపు మతం ఒకటి ఐరోపాలో రహస్యంగా కొనసాగుతూ వచ్చిందన్న ఆయన వాదానికి, పండితురాలు మార్గరెట్ మర్రీ 1921లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఆధారం. ఆ సిద్ధాంతాన్ని చరిత్రకారులు తర్వాత తోసిపుచ్చారు. విక్కాలోని భాగాలు కొన్ని పాతవే, కాని వాటిని ఒకచోట కూర్చిన అల్లిక ఇరవయ్యో శతాబ్దానిది.

ఇందులో మీరు చిన్నబుచ్చుకోవలసినదేమీ లేదు. గార్డ్‌నర్ వద్ద 1953లో దీక్ష తీసుకున్న డోరీన్ వాలియెంటే, ఆయన పూజావిధుల పుస్తకమైన ‘బుక్ ఆఫ్ షాడోస్’ చదివి, అందులో ఆంగ్ల మంత్రవిద్యా రచయిత అలిస్టర్ క్రౌలీ రచనల నుంచి తీసుకున్న వాక్యాలను వెంటనే గుర్తుపట్టింది. ఆ మాట ఆయనతోనే అంటే, అంతకంటే బాగా రాయగలిగితే రాయమన్నాడు. ఆమె రాసింది, నేటికీ విక్కన్లు దేవి మాటలుగా చదివే వచనంలో ప్రధానమైన పాఠం ఆమె చేతి మీదుగా వచ్చినదే. మూలగ్రంథమే ఒక శిష్యురాలి దిద్దుబాటుకు లొంగిందని తెలిశాక, మీ నోటుపుస్తకంలో కొట్టివేతలు ఉన్నందుకు బాధపడడం అనవసరం. అయితే ‘వేల ఏళ్ళుగా చెక్కుచెదరని రహస్యం’ అంటూ ఎవరైనా ఏదైనా అమ్మజూపితే, దానిని కొనకపోవడానికి ఈ చరిత్ర ఒక్కటే చాలు.

ప్రశ్న: ఫోనులో పరిచయమైన ఒక వ్యక్తి, కొంత రుసుము చెల్లిస్తే నాకు మూడు అంచెల దీక్షలూ ఇస్తానంటున్నాడు. దీక్ష లేకుండా నన్ను నేను విక్కన్ అని చెప్పుకోవచ్చా?

జవాబు: రుసుము చెల్లించకండి. గార్డ్‌నర్ నుంచి వచ్చిన గార్డ్‌నేరియన్, అలెక్స్ శాండర్స్ నుంచి వచ్చిన అలెగ్జాండ్రియన్ సంప్రదాయాలలో మూడు అంచెల దీక్షలు ఉన్నమాట నిజమే. వాటిని కవెన్ అనే చిన్న బృందంలో, పరిచయమూ శిక్షణా సాగిన తర్వాత, ముఖాముఖిగా ఇస్తారు. అందుకు డబ్బు తీసుకోకూడదన్నది ఆ సంప్రదాయాలలో గట్టిగా పాటించే నియమం. అందువల్ల డబ్బు అడగడమే ఆ వ్యక్తి గురించి మీకు కావలసిన సమాచారం. ఆయా సంప్రదాయాలలో కొందరు నగ్నంగా పూజ చేస్తారన్న సంగతిని అడ్డం పెట్టుకుని, కొత్తవారిని ఫొటోలు పంపమనో ఏకాంతంలో కలవమనో ఒత్తిడి చేసేవారు ఎదురైతే, ఆ సంభాషణను అక్కడితో ముగించండి. కారణం చెప్పవలసిన బాధ్యత కూడా మీకు లేదు.

విక్కన్ అని చెప్పుకోవడానికి దీక్ష అవసరమా అన్నది ఆ సమాజంలోనే తెగని వాదం. దీక్షాపరంపర ఉన్న బృందాలు అవసరమనే అంటాయి. విక్కా రచయిత రేమండ్ బక్‌లాండ్ 1974లో తన సాక్సన్ శాఖకు సంబంధించిన పుస్తకంలో స్వయందీక్షకు చోటిచ్చాడు. మరో రచయిత స్కాట్ కన్నింగ్‌హామ్ 1988లో ఒంటరి సాధకుల కోసమే పుస్తకం రాశాడు. ఆ తరువాత ఒంటరి సాధన మామూలు విషయమైంది. నా అభిప్రాయంలో మీరు విక్కన్ అని చెప్పుకోవచ్చు, గార్డ్‌నేరియన్ అని మాత్రం చెప్పుకోకూడదు. మొదటిది మీ మార్గం పేరు, రెండోది మరొకరి వంశం పేరు. సంప్రదాయ బృందాలలో శిక్షణకు వాడుకగా చెప్పే గడువు ఏడాదీ ఒక రోజూ. మీరు కూడా అంతకాలం సాధన చేసి, అప్పటికీ మనస్సు మారకపోతే, మీ మాటలలో మీరే ఒక సంకల్పం చెప్పుకోండి. అది దీక్షకు నకలు కాదు, దానికి వేరే విలువ ఉంది.

ప్రశ్న: ఏడు పౌర్ణములు క్రమం తప్పకుండా పూజ చేశాను. పుస్తకాలలో చెప్పినట్టు శక్తి ప్రవహించడం, ఒళ్ళు ఝల్లుమనడం ఒక్కసారి కూడా జరగలేదు. ఉద్యోగం కోసం కొవ్వొత్తి వెలిగించి చేసిన మంత్రప్రయోగం కూడా ఫలించలేదు. తప్పు నాలోనే ఉందా?

జవాబు: ఏడు పౌర్ణములు వదలకుండా కూర్చున్నవారిలో తప్పు వెతకడానికి నాకు మనసొప్పడం లేదు. ఒక చిన్న అనుమానం మాత్రం ఉంది: మీరు పూజావిధిని పుస్తకంలో చూస్తూ చదువుతున్నారా? చూసి చదువుతున్నంతసేపూ మనస్సు కాగితాన్ని విడిచి రాదు. తరువాతి వాక్యం ఎక్కడుందా అన్న వెతుకులాటతోనే ఘడియలు గడిచిపోతాయి. వచ్చే పౌర్ణమికి విధిని నాలుగైదు వాక్యాలకు కుదించి, వాటిని కంఠస్థం చేసి, దీపం వెలుగులో కళ్ళు మూసుకుని చెప్పి చూడండి. ఆ తర్వాత ఆరు నెలలు మాటలు మార్చకండి. కొత్త మాటకు బలం దాని అర్థం నుంచి రావచ్చు గాని, పూజలో మాటకు బలం చాలావరకు పునరుక్తి నుంచే వస్తుంది.

ఒళ్ళు ఝల్లుమనడాన్ని కొలమానంగా పెట్టుకోకండి. పూజకు ముందు మనస్సు ఎలా ఉంది, తరువాత ఎలా ఉంది అన్నది చెరొక వాక్యం రాసిపెట్టి, ఏడాది చివర ఒక్కసారిగా చదవండి. ప్రయోగాల విషయంలోనూ ఇదే నిజాయితీ అవసరం: ఫలించినవాటిని మాత్రమే గుర్తుపెట్టుకుని తక్కినవాటిని మరచిపోయే అలవాటు మనుషులందరికీ ఉంది, కనుక చేసిన తేదీ, కోరిన కోరిక, జరిగినది మూడూ రాయండి. ఉద్యోగం కోసం కొవ్వొత్తి వెలిగించిన రోజున దరఖాస్తు కూడా పంపారో లేదో ఆ పద్దులోనే కనబడుతుంది.

మరొకరి మనస్సును తిప్పుకోవడానికి చేసే ప్రయోగాల గురించి మీరు అడగలేదు గాని, ఎక్కువ ఉత్తరాలు వాటి గురించే వస్తాయి కాబట్టి చెబుతున్నాను. ‘ఎవరికీ హాని కలగనంతవరకు నీకు తోచినట్టు చేయి’ అన్న అర్థం వచ్చే వాక్యాన్ని విక్కన్ రీడ్ అంటారు. రీడ్ అనే పాత ఆంగ్లపదానికి సలహా అని అర్థం, శాసనం అని కాదు. సలహాయే అయినా, ఎదుటివారి ఇష్టాన్ని వారికి తెలియకుండా వంచాలని చూడడం హాని కాదని వాదించడం కష్టం. చేసినది మూడింతలై తిరిగి వస్తుందన్న నియమాన్ని విక్కన్లు అందరూ నమ్మరు. ఈ ఒక్క విషయంలో ఆ భయం కూడా అవసరం లేదు, ఎదుటివారి స్థానంలో మిమ్మల్ని ఊహించుకుంటే చాలు.

ప్రశ్న: పాత గ్రంథాలలో చెప్పిన మూలికలను కషాయం కాచి తాగవచ్చా?

జవాబు: వద్దు. మంత్రవిద్యా గ్రంథాలలో తరచు కనిపించే బెల్లడోనా, అకొనైట్ ప్రాణాంతకమైన విషాలు. పెన్నీరాయల్ నూనె కాలేయాన్ని దెబ్బతీస్తుంది. గర్భిణులు, ఇతర మందులు వాడుతున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. మూలికలను పూజాస్థలంలో ఉంచడం వరకే పరిమితం చేసుకోండి. ధూపం వేసేటప్పుడు కిటికీ తెరిచి ఉంచండి. వెలిగించిన కొవ్వొత్తిని వదిలి గది దాటకండి.

ప్రశ్న: నేను భూమధ్యరేఖకు దక్షిణాన నివసిస్తున్నాను. డిసెంబరులో ఇక్కడ మండుటెండ. యూల్ ఎలా జరపాలి?

జవాబు: జూన్‌లో జరపండి. ఎనిమిది పండుగల తేదీలనూ ఆరేసి నెలలు ముందుకు జరిపితే ఋతువులతో సరిపోతాయి. దక్షిణార్ధగోళంలో చాలామంది పాటించే పద్ధతి ఇదే. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన కనిపిస్తాడు కనుక నిప్పును ఉత్తరానికి, మట్టిని దక్షిణానికి మార్చుకునేవారూ, సూర్యుడు నడిచే దిశను అనుసరించి వృత్తాన్ని గడియారపు ముల్లుకు వ్యతిరేకంగా ఏర్పరచేవారూ ఉన్నారు. చంద్రకళలు మాత్రం ప్రపంచమంతటా ఒకే సమయంలో వస్తాయి, కాబట్టి ఎస్బాట్‌ల తేదీలు మార్చనవసరం లేదు.