లెక్కలు తర్వాత చేయిద్దురు, ముందు ఆ మాత్ర సంగతి చూడండి

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. ఈమధ్య నడకలో తూలుతున్నారు, రెండుసార్లు పడ్డారు కూడా. పేర్లు మర్చిపోతున్నారు. ఒంటికాలి మీద నిలబడి లెక్కలు చేస్తే బ్యాలెన్స్, జ్ఞాపకశక్తి రెండూ పెరుగుతాయని చదివాం. రోజుకు ఎన్ని నిమిషాలు చేయించాలి? తల తిరగకుండా సిన్నారిజిన్ మాత్ర ఆరు నెలలుగా వేస్తున్నాం.

సలహా: నిమిషాల సంగతి తర్వాత. చివర్లో ఓ మాటగా రాసి వదిలేశారే, ఆ సిన్నారిజిన్ దగ్గరే ఆగిపోయాను. ఆరు నెలలు వేయమని ఎవరన్నారండీ? ఎప్పటిదో చీటీ పట్టుకుని మెడికల్ షాపులో తెచ్చుకుంటూ పోతున్నారని నా అనుమానం. ఈ మాత్రా, ఇదే కోవలోని ఫ్లూనారిజిన్ కూడా, పెద్ద వయసులో నెలల తరబడి వాడితే కొందరిలో పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు వస్తాయి: అడుగు చిన్నదవుతుంది, పాదం నేలకు రాసుకుంటుంది, పక్కకు తిరగబోయి తూలతారు. మత్తు సరేసరి. తూలకుండా ఉండాలని వేస్తున్న మందే తూలేలా చేస్తుండొచ్చు. మనిషిని చూడకుండా ఇదే కారణమని తేల్చను, కానీ ఈ వారంలోనే డాక్టర్‌కు చూపించండి. వేసుకునే మాత్రలన్నీ, నిద్రమాత్ర వాడుతుంటే దానితో సహా, స్ట్రిప్పులతో పట్టుకెళ్లండి. అలాగని నిద్రమాత్రను ఇంట్లోనే ఠక్కున ఆపేయొద్దు, అదో తంటా.

పడ్డప్పుడు తలకు దెబ్బ తగిలిందో లేదో రాయలేదు. రక్తం పలుచన చేసే మందులు వాడుతున్నారా? ఈ వయసులో తలలో రక్తం మెల్లగా చేరి, వారాల తర్వాత బయటపడే సందర్భాలున్నాయి. తలనొప్పి, మగత, మాట తడబాటు, ఒకవైపు చేయో కాలో పట్టు తప్పడం, వీటిలో ఏది కనిపించినా నా జవాబు కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

బీపీ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు మరోసారి చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే లేచినప్పుడల్లా తూలడానికి అదీ కారణం కావచ్చు. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడుతుంటే రక్తంలో విటమిన్ బి12 కూడా చూపించండి, అది తగ్గితే అటు పాదాల్లో స్పర్శ, ఇటు జ్ఞాపకం రెండూ దెబ్బతింటాయి. మూత్రం ఆపుకోలేకపోతున్నారా అని కూడా అడగండి, మొహమాటపడి చెప్పరు; తూలడం, మతిమరుపుతో పాటు అదీ ఉంటే డాక్టర్‌కు తప్పక చెప్పాలి.

ఇక మీరడిగింది. కాళ్లకూ బుర్రకూ ఒకేసారి పని చెప్పే వ్యాయామం మంచిదే, నడక కుదురుకోవడానికి పనికొస్తుంది, జ్ఞాపకశక్తి తిరిగొస్తుందని మాత్రం మాటివ్వలేను. ఒక చిన్న సంగతి గమనించండి: నడుస్తుండగా ఏదైనా అడిగితే, జవాబు చెప్పడానికి ఆగిపోతున్నారా? అలాగైతే ఉన్న ధ్యాసంతా నడకకే సరిపోతోందన్నమాట, అప్పుడే లెక్కలు పెడితే పడతారు. రెండుసార్లు పడ్డ మనిషికి ఒంటికాలు ఇప్పుడే వద్దు. పరీక్షలయ్యాక ఫిజియోథెరపిస్ట్ సమక్షంలో, వెనక గోడ, ముందు బరువైన కుర్చీ ఉండేలా, పాదాలు దగ్గరగా పెట్టి నిలబడటంతో మొదలుపెట్టించండి. అది తూలకుండా వచ్చాకే నెలల పేర్లు వెనక నుంచి చెప్పించడం, 100 నుంచి మూడేసి తీసేయించడం. 65 దాటినవాళ్లకు బ్యాలెన్స్, కండబలం పెంచే వ్యాయామాలు వారానికి మూడు రోజులైనా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంతకంటే నిమిషాల లెక్క పెట్టుకోకండి. ఆయన లెక్క తప్పితే నవ్వేసి ఊరుకోండి, మీరు చూడాల్సింది కాళ్లు. షుగర్ మాత్ర వేసుకుని ఏమీ తినకుండా ఉన్నప్పుడు మాత్రం అసలు చేయించొద్దు.