బత్తాయి వోడ్కా చేస్తానంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మాది గుర్రంపోడు దగ్గర ఊరు. నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. అమ్మాయి నల్గొండలో బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి ఏడాది చదువుతోంది. చిన్న డిస్టిలరీ (మద్యం తయారుచేసే ప్లాంటు) పెట్టి, మన బత్తాయితో ఫ్లేవర్డ్ వోడ్కా చేసి లైసెన్సుతోనే అమ్ముతానంటోంది. ఆడపిల్లకు మందు పనేంటని ఇంట్లో గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ గొడవ ఆపండి. డిస్టిలరీ ల్యాబులో కెమిస్టుగా చేయడం గౌరవమైన ఉద్యోగమే, ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా. నాకు టెన్షన్ పెట్టేది డిస్టిలరీ పెడతాననడమే.

పండు మీ చేతిలో ఉంది కానీ స్పిరిట్, అంటే వోడ్కాకు మూలమైన ఘాటు ఆల్కహాల్, సర్కారు చేతిలో ఉంది. డిస్టిలరీ లైసెన్సు అడిగినవాళ్లందరికీ ఇచ్చేది కాదు. వచ్చినా ఎక్సైజ్ వాళ్ల లెక్క లేకుండా లోపల చుక్క కదలదు. ప్రతి బ్రాండుకూ, ప్రతి లేబుల్‌కూ అనుమతి కావాలి. తయారైన సరుకును మీరే గేటు దగ్గర అమ్ముకోలేరు, రాష్ట్ర ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్‌కే ఇవ్వాలి. హైదరాబాద్ మైక్రోబ్రూవరీల్లో అక్కడే చేసి అక్కడే పోస్తున్నారు కదా అంటారేమో, ఆ వెసులుబాటు బీరుకే. ఇక డబ్బు సంగతి. బకాయిలు రావడం లేదు, ధర పెంచడం లేదని 2025 జనవరిలో కింగ్‌ఫిషర్ బీరు చేసే యునైటెడ్ బ్రూవరీసే మన రాష్ట్రానికి బీరు సరఫరా కొన్నాళ్లు ఆపేసింది. అంత పెద్ద కంపెనీకే అలా ఉంటే, తోట తాకట్టు పెట్టి దిగినవాళ్ల గతి ఆలోచించండి.

కొన్న వోడ్కాలో తొక్కలు నానబెట్టి తెలిసినవాళ్లకు అమ్మడం అసలే వద్దు. ఒక్క సీసా అమ్మినా 1968 ఎక్సైజ్ చట్టం కింద కేసవుతుంది.

అయినా అమ్మాయి ఆలోచనలో పస ఉంది. ఈ పని లోతు ఆమెకు ఎంత తెలుసో అడిగి చూడండి. వాసన ఉండేది రసంలో కాదు, తొక్క పైపొరలోని నూనెలో. కింద తెల్లపొర కలిసిందంటే చేదు. రసం పోస్తే అదీ నిలవ ఉన్నకొద్దీ చేదెక్కుతుంది. 96 శాతం స్పిరిట్ తొక్కలోని నూనెను చక్కగా లాగేస్తుంది. దాన్ని మన సీసాల మీద కనిపించే 42.8 శాతానికి దించాలంటే 100 లీటర్లు దాదాపు 224 లీటర్లవుతాయి. అందుకు 124 లీటర్ల నీళ్లు చాలవు, ఎందుకంటే స్పిరిట్, నీళ్లు కలిస్తే మొత్తం కొంచెం తగ్గుతుంది. నీళ్లు పడగానే నూనె విడిపోయి సరుకు మబ్బుగా మారుతుంది. దాన్ని వాసన పోకుండా తేటపరచడంలోనే పనితనమంతా ఉంది. నీళ్లు కూడా ఖనిజాలు తీసేసినవి కావాలి, మన నల్గొండ బోరు నీళ్లు పనికిరావు. ఫ్లోరైడ్ సంగతి మీకు నేను చెప్పాలా!

ఇదంతా నేర్పే చోట్లున్నాయి. కాన్పూర్‌లోని నేషనల్ షుగర్ ఇన్‌స్టిట్యూట్‌లో, పుణెలోని వసంతదాదా షుగర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆల్కహాల్ టెక్నాలజీలో పీజీ డిప్లొమా ఉంది. రుచుల వైపే ఆసక్తి అంటే మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్ఐలో ఎంఎస్సీ ఫుడ్ టెక్నాలజీ. చదువయ్యాక రెండు మూడేళ్లు ఏదైనా డిస్టిలరీలో క్వాలిటీ కంట్రోల్, బ్లెండింగ్ చేయనివ్వండి. సొంత బ్రాండు మాట ఆ తర్వాత. అప్పుడైనా సొంత ప్లాంటు కట్టడం కన్నా, లైసెన్సున్న డిస్టిలరీతో ఒప్పందం చేసుకుని వాళ్ల దగ్గర చేయించుకోవడమే మేలు.

ఈలోగా తోటనూ వాడుకోవచ్చు. తొక్క నూనె, ఎండబెట్టిన తొక్క, బార్లూ హోటళ్లూ డ్రింకుల్లో కలుపుకునే బత్తాయి సిరప్ లాంటివాటికి ఎక్సైజ్‌తో పని లేదు, ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతి చాలు. కాయకు రేటు పడిపోయి, వ్యాపారి పైగా సూట్ (తరుగు) కింద కిలోలు కోసేటప్పుడు ఆ కాయను ఇటు మళ్లించొచ్చు. నేనైతే అమ్మాయిని ముందు ఇందులోనే చేయి పెట్టమంటాను.

డిగ్రీలో ఆమెకు కెమిస్ట్రీ ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. అర్హతలో అది అడిగే కోర్సులున్నాయి.